ట్రిగ్గర్ షూ కొనే ముందు, ఉన్నదాన్ని ఒకసారి జరిపి చూడండి

ట్రిగ్గర్ షూ అంటే టార్గెట్ రైఫిల్ ట్రిగ్గర్ మీద వేలు ఆనే ముక్క, కొందరు బ్లేడ్ అంటారు. దాన్ని మార్చాలన్న ఆలోచన మంచి మ్యాచ్ తర్వాత ఎవరికీ రాదు. టార్గెట్ మీద పదులు వరుసగా పడుతున్న చోట ఉన్నట్టుండి ఓ ఎనిమిది పడుతుంది, వేలు సరిగ్గా కూర్చోలేదనిపిస్తుంది, ఇంటికొచ్చి ఫోన్‌లో రంగురంగుల బ్లేడ్‌ల ఫొటోలు చూస్తూ కూర్చుంటాం. నేను అలా మూడు కొన్నాను. రెండు ఇప్పుడు డబ్బాలో ఉన్నాయి. మూడోది రైఫిల్‌కే ఉంది గానీ, దానివల్లే స్కోరు పెరిగిందని ఒట్టేసి చెప్పలేను. దాన్ని బిగించే వంకతో నా వేలు అసలు ఎక్కడ ఆనుతోందో మొదటిసారి శ్రద్ధగా చూసుకున్నాను, ఆ చూసుకోవడం వల్ల పెరిగిందని మాత్రం చెప్పగలను.

అందుకని ఏది కొనాలన్న ప్రశ్నకు నా జవాబు కాస్త వంకరగా ఉంటుంది. ముందు మీ దగ్గరున్న బ్లేడ్‌ని సరిగ్గా అమర్చండి, రెండు వారాలు దాంతోనే డ్రై ఫైర్ (తూటా లేకుండా ట్రిగ్గర్ నొక్కే సాధన) చేయండి, అప్పటికీ ఏదో ఒక్క లోటు స్పష్టంగా మిగిలితే ఆ లోటు తీర్చే ఆకారం కొనండి. లోటేంటో తెలియకుండా కొంటే ఆడలేక మద్దెల ఓడన్నట్టే ఉంటుంది, మద్దెల మార్చినా ఆట మారదు.

షూ అనే మాటని రెండు వేర్వేరు వస్తువులకి వాడతారు, అక్కడే చాలామంది తికమకపడతారు. ఒకటి పాతకాలపు తొడుగు. మామూలు వంపు ట్రిగ్గర్ మీద చెప్పు తొడిగినట్టు తొడిగే లోహపు ముక్క, వెనకవైపు గాడి ఉంటుంది, సన్నటి గ్రబ్ స్క్రూలతో (తల లేని స్క్రూలు) ట్రిగ్గర్‌ని పట్టుకుంటుంది. రెండోది ఇప్పటి టార్గెట్ రైఫిళ్లలో ట్రిగ్గర్ యూనిట్‌ నుంచి కిందికి దిగిన కడ్డీ మీదో పట్టా మీదో జరిగే బ్లేడ్. అన్షుట్జ్, ఫైన్‌వెర్క్‌బౌ, వాల్థర్ లాంటి కంపెనీల మ్యాచ్ రైఫిళ్లలో కనిపించేది ఇదే. ముందుకూ వెనక్కూ జరుగుతుంది, చాలా మోడళ్లలో పక్కకు తిరుగుతుంది, కొన్నింట్లో పైకీ కిందికీ కూడా కదులుతుంది. తొడుగు, ఉన్న ట్రిగ్గర్‌నే వెడల్పూ కాస్త మందమూ చేస్తుంది, అంతే. బ్లేడ్ వేలికి చోటునే మారుస్తుంది. రెండింటినీ ఒకే గాటన కట్టి ఎవరైనా సలహా ఇస్తుంటే, ఏ రైఫిల్ గురించి చెబుతున్నారో అడిగి తెలుసుకున్నాకే వినండి.

షూ నిజంగా ఏం మారుస్తుంది

వెడల్పు షూ వేస్తే ట్రిగ్గర్ తేలికవుతుందని అందరూ అంటారు. కొలిస్తే కాదు. 1500 గ్రాముల ట్రిగ్గర్ అదే ఎత్తులో ఏ వెడల్పు షూ వేసినా 1500 గ్రాములే చూపిస్తుంది. అదే బలం ఎక్కువ చర్మం మీద పరుచుకుంటుంది కాబట్టి వేలికి తక్కువ అనిపిస్తుంది, ఆరు మిల్లీమీటర్ల బ్లేడ్ బదులు పది మిల్లీమీటర్లది వేస్తే ఒక్కో చోట పడే ఒత్తిడి సుమారు 40 శాతం తగ్గుతుంది. సన్నటి పిడి సంచి, వెడల్పు పిడి సంచి ఒకే బరువుతో మోసి చూడండి, చెయ్యే చెబుతుంది తేడా.

బరువు నిజంగా మారేది ఎత్తు మారినప్పుడు. ట్రిగ్గర్ ఒక మీట. పైన ఇరుసు, కింద వేలు. ఇరుసు నుంచి వేలు ఆనే చోటుకి 25 మి.మీ. ఉందనుకోండి, కొత్త షూ పొడుగ్గా ఉండి వేలు 30 మి.మీ. దగ్గర ఆనుతోందనుకోండి. 1500 గ్రాములు కాస్తా 1250 అవుతుంది. తేలికైందని సంతోషపడే లోపే రెండో సంగతి, వేలు కదలాల్సిన దూరం 20 శాతం పెరుగుతుంది. టార్గెట్ ట్రిగ్గర్‌లో మొదట తేలిగ్గా కదిలేది ఫస్ట్ స్టేజ్, అది ఆగాక తెగే దాకా, అంటే పేలే దాకా నొక్కేది రెండో స్టేజ్. గాజుపుల్ల విరిగినట్టు టక్కున తెగే ఆ రెండో స్టేజ్ కాస్త సాగినట్టు అనిపించడం మొదలవుతుంది. ట్రిగ్గర్ పాడైందేమోనని విప్పి స్క్రూలు తిప్పేవాళ్లని చూశాను. ట్రిగ్గర్‌కి ఏమీ కాలేదు, వేలు ఐదు మిల్లీమీటర్లు కిందికి దిగింది, అంతే.

ఇది నియమాల దగ్గర కొరుకుతుంది. ఐఎస్ఎస్ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య) నియమాల్లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌కీ 50 మీటర్ల రైఫిల్‌కీ ట్రిగ్గర్ బరువుకి కనీస పరిమితి లేదు, ఎంత తేలికైనా పెట్టుకోవచ్చు. 300 మీటర్ల స్టాండర్డ్ రైఫిల్‌కి మాత్రం 1500 గ్రాములు తగ్గకూడదు, బారెల్ నిలువుగా పెట్టి కొలుస్తారు. అమెరికాలో సీఎంపీ (సివిలియన్ మార్క్స్‌మన్‌షిప్ ప్రోగ్రామ్) సర్వీస్ రైఫిల్ పోటీలకి, అంటే సైన్యం తరహా రైఫిళ్ల పోటీలకి, 4.5 పౌండ్లు, అంటే రెండు కిలోలు దాటి ఉండాలి. ఇలాంటి పరిమితి ఉన్న విభాగంలో షూ మార్చారంటే బరువు మళ్లీ కొలుచుకోవాల్సిందే. కొలవడానికి ట్రిగ్గర్‌కి తగిలించి పైకెత్తే బరువు కొక్కెం ఎక్కడ కూర్చుంటుందో కూడా చూడండి. వంపు షూ అయితే కొక్కెం జారి వంపు అడుగుకి చేరుతుంది, మీ వేలు అక్కడ ఉండకపోవచ్చు. ఫ్లాట్ షూ మీదైతే ఇంకా కిందికి, కొస దాకా జారుతుంది, అక్కడ చదివే అంకె మీ వేలికి తెలిసిన అంకె కంటే తక్కువ. ఇంట్లో 1520 చూసుకుని మురిసిపోయి వెళ్తే ఎక్విప్‌మెంట్ కంట్రోల్ (పోటీలో పరికరాల తనిఖీ) దగ్గర బరువు లేవకముందే క్లిక్‌మనొచ్చు. కొక్కేన్ని కావాలనే షూ కొసన పెట్టి, అక్కడ కూడా పరిమితి దాటేలా ఉంచుకుంటే టెన్షన్ ఉండదు.

బారెల్ నిలువు అన్నాను కదా, దాంట్లో ఇంకో చిన్న మెలిక ఉంది. మూతి పైకి పెట్టినప్పుడు షూ బరువు కూడా ట్రిగ్గర్‌ని కాల్చే వైపుకే లాగుతుంది. ఇరుసు కింద వేలు ఆనే ఎత్తులోనే వేలాడే పది గ్రాముల స్టీలు షూ అంటే దాదాపు పది గ్రాముల సాయం. 1500 మీద అది లెక్కలోకి రాదు. వంద గ్రాముల ట్రిగ్గర్ మీద అది పదో వంతు. ఈ సంగతి కింద మళ్లీ అవసరమవుతుంది, గుర్తుపెట్టుకోండి.

ఆకారాలు

వెడల్పు ఫ్లాట్ బ్లేడ్. వేలు ఒక మిల్లీమీటరు అటూ ఇటూ పడినా ఊరుకుంటుంది, బరువు ట్రిగ్గర్‌ల మీద హాయిగా ఉంటుంది. చిక్కేంటంటే ఊరుకుంటుంది కాబట్టే తప్పు తెలియనివ్వదు. వేలు పక్కకి పడినప్పుడు వెడల్పు బ్లేడ్ అంచు మీద పడే బలం బ్లేడ్‌ని మెలిపెట్టడానికి చూస్తుంది, ఇరుసులో ఏ కొంచెం లూజు ఉన్నా రెండో స్టేజ్ ఒకరోజు ఒకలా, ఇంకోరోజు ఇంకోలా తగులుతుంది. ఫ్లాట్‌లో ఇంకో గుణం, వేలు పైకీ కిందికీ ఎక్కడైనా పెట్టుకోవచ్చు. చేతి పొజిషన్ ప్రతిసారీ ఒకేలా వచ్చేవాళ్లకి ఇది స్వేచ్ఛ. రానివాళ్లకి ఇదే శాపం, ఎందుకంటే పైన చెప్పిన మీట లెక్క ప్రకారం ప్రతి షాట్‌కీ బరువు కొద్దిగా మారిపోతుంది.

వంపు బ్లేడ్ ఈ పైకీ కిందికీ సమస్యని తీరుస్తుంది. వేలు వంపు లోతులో దానంతటదే కూర్చుంటుంది. కానీ ఆ లోతు మీ వేలు సహజంగా వచ్చే ఎత్తులో ఉండాలి. రెండు మిల్లీమీటర్లు పైన ఉంటే వేలు పైకి తోస్తూ లాగుతుంది, ఆ తోపు రైఫిల్‌కి చేరుతుంది. బ్లేడ్ ఎత్తు మార్చే వీలు లేని రైఫిల్‌కి లోతు వంపు కొనడం జూదమే. నా డబ్బాలో ఉన్న రెండింట్లో ఒకటి సరిగ్గా అలాంటిదే, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, నా వేలికి మాత్రం కొత్త చెప్పులా కరిచింది. తక్కువ వంపు అయితే భయం లేదు. ఏమీ తోచకపోతే తక్కువ వంపు, ఎనిమిది మిల్లీమీటర్ల దరిదాపు వెడల్పుతో మొదలుపెట్టమని నేను చెప్తాను.

సన్నటి బ్లేడ్, గుండ్రటి కడ్డీ, బంతి లేదా తిరిగే రోలర్, ఇవన్నీ ఒక కుటుంబం. వేలికీ ట్రిగ్గర్‌కీ మధ్య ఒకే చుక్క. ఆ చుక్క వేలి మెత్త మీద ఎక్కడ ఉందో స్పష్టంగా తెలుస్తుంది, తప్పుగా పెడితే వెంటనే తెలుస్తుంది. రోలర్‌లో అదనపు ఉపయోగం, వేలు కొద్దిగా ఏటవాలుగా లాగినా ఆ పక్క బలంలో చాలా భాగం రోలర్ తిరగడంలో పోతుంది, రైఫిల్ దాకా రాదు. వంద గ్రాముల లోపు ట్రిగ్గర్‌ల మీద ఈ కుటుంబం బాగుంటుంది. కిలోన్నర మీద అరగంట కాల్చి చూడండి, వేలి మీద గాడి పడుతుంది, ఆపైన స్పర్శ మొద్దుబారుతుంది. రోలర్ విషయంలో నా సొంత ఫిర్యాదు ఒకటుంది. ఫస్ట్ స్టేజ్ తీసుకుంటున్నప్పుడు వేలు నిలిచిందా జారిందా అన్నది నాకు తెలియదు. ఇష్టపడేవాళ్లు చాలా ఇష్టపడతారు, అరువు దొరికితే వాడి చూసి నిర్ణయించుకోండి.

కింద చిన్న అరుగులాంటి స్టాప్ ఉన్న బ్లేడ్‌లు కూడా వస్తాయి, వేలు దాని మీద ఆనుకుంటుంది. ఆలోచన మంచిదే. కానీ వేలు అరుగుని కిందికి నొక్కడం మొదలుపెడితే వచ్చిన లాభం పోతుంది, నొక్కుతున్నామని మనకి తెలియదు కూడా. కొత్తగా నేర్చుకునేవాళ్లకి కొన్నాళ్లు వాడి తీసేసే సాధనంగా ఇది నాకు నచ్చుతుంది.

ఉపరితలం గురించి ఎక్కువ చెప్పను. గీతలు గీతలుగా ఉంటే జారదు, కానీ ఎయిర్ రైఫిల్‌లో 60 షాట్లు, దానికి ముందు సైటర్లు (లెక్కలోకి రాని ట్రయల్ షాట్లు), మధ్య మధ్య డ్రై ఫైర్లు, అన్నీ కలిపితే వేలి చర్మం ఒరుసుకుంటుంది. అద్దంలా నునుపుగా ఉంటే చెమటకి జారుతుంది. సన్నగా గరుకుగా, మ్యాట్‌గా ఉన్నది ఉత్తమం. అంచులు మాత్రం గోటితో తడిమి చూడండి, పదునుగా ఉంటే సన్నటి ఎమెరీ కాగితంతో చుట్టూ ఒక్కసారి తీయొచ్చు, అదీ బ్లేడ్‌ని రైఫిల్ నుంచి విప్పాకే. లోహపు పొడి ట్రిగ్గర్ యూనిట్‌లో పడకూడదు.

లోహమా, ప్లాస్టిక్కా

అల్యూమినియం తేలిక, గట్టిది, పోటీ బ్లేడ్‌లలో ఎక్కువగా కనిపించేది. దాని బలహీనత మర. స్టీలు స్క్రూని గట్టిగా బిగిస్తే అల్యూమినియం మర అరిగిపోతుంది, ఒకసారి పోయిందంటే అంతే. స్టీలూ ఇత్తడీ గట్టివే, బరువు. బరువు షూని నేను బరువు ట్రిగ్గర్‌కే వేస్తాను, కారణం పైన గుర్తుపెట్టుకోమన్న సంగతే. రైఫిల్ బట్, అంటే భుజానికి ఆనే వెనక కొస, కిందకి జారి నేలకి తగిలిందనుకోండి, రైఫిల్ ఆగిపోతుంది, ఇరుసు కింద వేలాడుతున్న షూ తన వేగంతో వెనక్కి, అంటే కాల్చే వైపుకి వెళ్లబోతుంది. షూ ఎంత బరువుంటే ఆ తోపు అంత ఎక్కువ. వంద గ్రాముల ట్రిగ్గర్‌కి బరువైన ఇత్తడి షూ తొడగడం అంటే మీ సేఫ్టీ మార్జిన్‌ని మీరే కోసుకోవడం.

త్రీడీ ప్రింట్ చేసిన ప్లాస్టిక్ బ్లేడ్‌లు ఇప్పుడు చాలామంది చేసుకుంటున్నారు. ఆకారం వెతుక్కోవడానికి ఇంతకంటే మంచి దారి లేదు, పది రకాలు ప్రింట్ చేసి పారేయొచ్చు. తేలిక ట్రిగ్గర్‌ల మీద చక్కగా పనిచేస్తాయి కూడా. బరువు ట్రిగ్గర్ మీద ప్లాస్టిక్ కొద్దిగా వంగుతుంది, ఆ వంగడం రెండో స్టేజ్ గోడలా కాకుండా రబ్బరులా అనిపించేలా చేస్తుంది. స్క్రూ పట్టే చోట ప్లాస్టిక్ నెమ్మదిగా నొక్కుకుపోయి లూజవుతుంది కూడా. ఆకారం దొరికాక అదే కొలతలతో లోహంలో చేయించుకోవడం తెలివైన పని.

ఎవరికి ఏది

50 మీటర్ల రైఫిల్ లేదా ఎయిర్ రైఫిల్, ట్రిగ్గర్ వంద గ్రాముల చుట్టుపక్కల: కంపెనీ ఇచ్చిన బ్లేడే చాలావరకు చాలు. మార్చాలనిపిస్తే తేలికైన అల్యూమినియం, ఇరుకు నుంచి మధ్యస్థ వెడల్పు, తక్కువ వంపు. మార్పు వల్ల లాభం ఉంటుంది గానీ చిన్నది, అసలు లాభం అమరికలో ఉంది.

300 మీటర్ల స్టాండర్డ్, సర్వీస్ రైఫిల్ లాంటి బరువు ట్రిగ్గర్‌లు: షూ డబ్బుకి నిజంగా విలువ దక్కేది ఇక్కడ. వెడల్పు, ఫ్లాట్ లేదా స్వల్ప వంపు, లోహం. నియమాలు మార్పుని అనుమతిస్తాయో లేదో ముందు చదవండి. సర్వీస్ రైఫిల్ విభాగాల్లో బయట కనిపించే మార్పులకి పరిమితులుంటాయి.

పాత రైఫిల్, జరపడానికి వీల్లేని వంపు ట్రిగ్గర్: తొడుగు షూ ఒక్కటే దారి. దీని మందం వేలిని ముందుకి, అంటే మూతి వైపుకి తోస్తుంది. పొడుగు వేళ్లవాళ్లకి అది వరం. చిన్న చేతులవాళ్లకి ఆ రెండు మూడు మిల్లీమీటర్లే కొస వేలితో గీరాల్సిన పరిస్థితి తెస్తాయి. తొడుగు ట్రిగ్గర్ గార్డ్ (ట్రిగ్గర్ చుట్టూ ఉండే కడియం) కంటే వెడల్పు ఉండకూడదు. బయటికి పొడుచుకొచ్చిన షూ బట్టకో పట్టీకో తగిలి లాగబడుతుంది, ఐపీఎస్‌సీ లాంటి ప్రాక్టికల్ షూటింగ్ నియమాల్లో అలాంటి షూలని సూటిగా నిషేధించారు. టార్గెట్ రైఫిల్‌కి ఆ నియమం వర్తించకపోయినా దాని వెనకున్న ప్రమాదం వర్తిస్తుంది.

కొనేటప్పుడు ఒక్క మాట. బ్లేడ్ పట్టే కడ్డీ లేదా పట్టా ఆకారం ఒక్కో కంపెనీకి ఒక్కోలా, ఒకే కంపెనీలో కూడా మోడల్‌ని బట్టి వేరుగా ఉంటుంది. అన్షుట్జ్ అంటే సరిపోదు, 5018 రెండు స్టేజ్‌ల ట్రిగ్గరా, 5020 సింగిల్ స్టేజా, ఇంకోటా చూసి చెప్పండి. ఎమ్‌ఈసీ, టెక్‌హ్రో లాంటి విడిభాగాల తయారీదార్లు ఏ రైఫిల్‌కి ఏదో రాస్తారు. అలా రాయని బ్లేడ్‌ని కొలతలు అడగకుండా కొనొద్దు.

అమర్చడం

ముందు రైఫిల్ ఖాళీ. మేగజీన్ తీసి, ఛాంబర్ (తూటా కూర్చునే చోటు) కంటితో చూసి, వేలితో కూడా తడిమి, దాన్ని మూసే బోల్ట్ బయటికి తీసి పక్కన పెట్టండి. ఎయిర్ రైఫిల్ అయితే పెల్లెట్ లేదని చూసి, సిలిండర్ విప్పి, లోపల మిగిలిన గాలిని సురక్షితమైన దిక్కుకి వదిలేయండి. చూశాంలే అనుకుని చూడకపోవడం ఎవరికైనా జరుగుతుంది.

ఇప్పుడున్న అమరికని ఫొటో తీయండి. బ్లేడ్ ముందు ముఖం నుంచి ట్రిగ్గర్ గార్డ్ లోపలి అంచుకి ఎంత దూరమో వెర్నియర్‌తో కొలిచి రాసుకోండి. కడ్డీ మీద సన్నటి మార్కర్ గీత పెట్టండి. ఈ ఐదు నిమిషాల పని చేయకపోతే, నచ్చకపోయినప్పుడు వెనక్కి వెళ్లే దారి ఉండదు, జ్ఞాపకంతో పెట్టిన బ్లేడ్ ఎప్పుడూ పాత చోట పడదు.

బ్లేడ్ జోలికి వెళ్లే ముందు గ్రిప్పూ బట్ పొడుగూ సరిగ్గా ఉన్నాయా చూడండి. ఇవి మారితే చెయ్యి మారుతుంది, చెయ్యి మారితే బ్లేడ్ అమరిక అంతా వృథా. గ్రిప్ పట్టుకోండి, బిగువు లేకుండా. చూపుడు వేలి మొదలు స్టాక్‌ని (రైఫిల్ ఒంటిని) తాకకూడదు, మధ్యలో వెలుతురు కనపడాలి. వేలు రెండో కీలు దగ్గర వంగి, కొస కణుపు బారెల్ గీతకి దాదాపు అడ్డంగా రావాలి. బ్లేడ్ ఆనాల్సింది కొస కణుపు మెత్త నడుమ. కీలు గీత మీద కాదు, అక్కడ స్పర్శ తక్కువ. గోటి అంచున కూడా కాదు. బ్లేడ్ మరీ దగ్గరైతే వేలు కొక్కెంలా ముడుచుకుని అరచేతి వైపుకి లాగుతుంది. మరీ దూరమైతే కొస మాత్రమే అంది గీరుతుంది. రెండు సందర్భాల్లోనూ లాగే దిక్కు బారెల్‌కి సమాంతరంగా ఉండదు, బుల్లెట్ వెళ్లేలోపు సైట్ కదిలేది అందుకే. అది ఎడమకి కదులుతుందా కుడికి కదులుతుందా అన్నదానికి పుస్తకం సూత్రాలు వల్లించేవాళ్లు ఉన్నారు గానీ, రైఫిల్‌లో భుజం, చెంప, స్లింగ్ అన్నీ కలుస్తాయి కాబట్టి మీ కదలిక మీరే చూసుకోవడం మేలు.

వేలు ఎక్కడ పడుతోందో తెలుసుకోవడానికి నా దగ్గరున్న చవకైన పద్ధతి ఇది. బ్లేడ్ మీద వైట్‌బోర్డ్ మార్కర్‌తో పలచగా పూయండి. మీ పొజిషన్‌లోకి వెళ్లండి, కళ్లు మూసుకోండి, గ్రిప్ పట్టి వేలు పెట్టండి, తీయండి. వేలి మీద మచ్చ చూడండి. తుడుచుకుని మళ్లీ. పదిసార్లు చేస్తే మచ్చలు ఒకే చోట పడుతున్నాయా, చెల్లాచెదురా అన్నది తెలిసిపోతుంది. చెల్లాచెదురైతే సమస్య గ్రిప్‌లో ఉంది, బ్లేడ్‌లో లేదు. ఒకే చోట పడుతూ, ఆ చోటు తప్పైతే, బ్లేడ్‌ని ఆ తేడా మేరకు జరపండి. నాకు జరపాల్సి వచ్చింది మూడు మిల్లీమీటర్లు ముందుకి. అంతే. మూడు కొత్త బ్లేడ్‌లు కొన్నాక తెలిసింది.

క్రమం ఇలా పెట్టుకోండి: ముందు దూరం, తర్వాత ఎత్తు, తర్వాత పక్క కోణం, అన్నిటికన్నా చివర బరువు. కోణం తిప్పేటప్పుడు బ్లేడ్ ముఖం వేలి మెత్తకి పూర్తిగా ఆనాలి, ఒక అంచు ముందు తగలకూడదు. ఒకసారికి ఒక్కటే మార్చండి, మార్చాక కనీసం 30 డ్రై ఫైర్లు. రెండు ఒకేసారి మారిస్తే బాగుపడింది దేనివల్లో, చెడింది దేనివల్లో ఎవరికీ తెలియదు. రిమ్‌ఫైర్ రైఫిల్ (పిన్ తూటా అంచుని కొట్టి పేల్చే రకం) అయితే మాన్యువల్ చూడండి. ఖాళీ ఛాంబర్‌లో కాలిస్తే కొన్నింట్లో ఫైరింగ్ పిన్ ఛాంబర్ అంచుని కొడుతుంది, కాల్చేసిన తూటా ఖాళీ కేసో ప్లాస్టిక్ డమ్మీయో పెట్టుకోవడం మంచిది. ఎయిర్ రైఫిళ్లకి చాలావాటికి డ్రై ఫైర్ మీటే ఉంటుంది.

మూడు పొజిషన్లు కాల్చేవాళ్ల బాధ వేరు. ప్రోన్‌లో (పడుకుని) మోచేయి కోణం ఒకటి, నీలింగ్‌లో (మోకాలి మీద) ఇంకోటి, స్టాండింగ్‌లో (నిలబడి) మణికట్టు మరోలా ఉంటుంది. ప్రతి పొజిషన్‌కీ బ్లేడ్ జరిపేవాళ్లు ఉన్నారు. నేను జరపను. మ్యాచ్ మధ్యలో చిన్న స్క్రూ తిప్పడం అంటే తప్పుకి తలుపు తెరిచినట్టే. స్టాండింగ్‌కి సరిగ్గా పెట్టి, మిగతా రెండింట్లో చేతిని కొద్దిగా జరుపుకుంటాను, ఎందుకంటే ట్రిగ్గర్ తప్పు ఎక్కువగా బయటపడేది స్టాండింగ్‌లోనే.

బిగించడం

స్క్రూలు చిన్నవి, సైజు సరిగ్గా సరిపోయే అలెన్ కీ వాడండి, అరిగిన కీ వద్దు. కీ పొడుగు చేతిని కాకుండా పొట్టి చేతిని రెండు వేళ్లతో పట్టుకుని తిప్పితే అతిగా బిగించే ప్రమాదం తగ్గుతుంది. తొడుగు షూ అయితే రెండు పక్కల స్క్రూలు కొంచెం కొంచెంగా మార్చి మార్చి బిగించాలి, లేకపోతే షూ వంకరగా కూర్చుంటుంది.

థ్రెడ్ లాకర్ (స్క్రూ వదులవకుండా మరకి రాసే జిగురు) విషయంలో నేను చేసిన తప్పు చెప్తాను. బ్లేడ్ రైఫిల్‌కి ఉండగానే స్క్రూ మీద చుక్క వేశాను. చుక్క స్క్రూ మీద ఆగలేదు, కడ్డీ వెంట పైకి పాకి ట్రిగ్గర్ యూనిట్‌లోకి వెళ్లింది. మర్నాటికి ఫస్ట్ స్టేజ్ జిగురుగా కదిలింది, యూనిట్ విప్పి కడిగించాల్సి వచ్చింది. స్క్రూని బయటికి తీసి, నూనె మరక లేకుండా తుడిచి, తక్కువ బలం రకం లాకర్ సూది మొనంత రాసి, అప్పుడు బిగించండి. ఒక రోజు ఆరనివ్వండి. ప్లాస్టిక్ బ్లేడ్‌కి అసలే వద్దు, కొన్ని రకాల ప్లాస్టిక్ దానికి పగుళ్లు తీస్తుంది. ఇంకా జరిపి చూస్తున్న రోజుల్లో కూడా వద్దు, అమరిక ఖాయమయ్యాకే.

ఇంకో అనుభవం లాకర్ వేయనప్పటిది. నీలింగ్ సగంలో ఉండగా బ్లేడ్ పక్కకి తిరిగింది. ఒక్కసారిగా కాదు, షాట్‌కి ఇంత చొప్పున. ఐదారు షాట్లు నన్ను నేనే తిట్టుకున్నాను, ఏడో షాట్‌కి వేలి కింద అంచు తగిలింది. అప్పటి నుంచి రైఫిల్ పెట్టె తెరవగానే బ్లేడ్‌ని రెండు వేళ్లతో పట్టుకుని మెల్లగా అటూ ఇటూ తిప్పి చూడటం అలవాటైంది. మార్కర్ గీత కూడా అందుకే పనికొస్తుంది, కదిలిందో లేదో ఒక్క చూపులో తెలుస్తుంది.

బిగించాక చేయాల్సిన పరీక్షలు వదలకండి. ట్రిగ్గర్‌ని పూర్తిగా వెనక్కి నొక్కి పట్టి చూడండి, షూ వెనక భాగం గార్డ్‌కి గానీ గ్రిప్‌కి గానీ తగలకూడదు. పొడుగు షూ కొస గార్డ్ అడుగుని ఒరుసుకోవడం సాధారణంగా జరిగే తప్పు. వేలు వదలగానే ట్రిగ్గర్ పూర్తిగా ముందుకి తిరిగి రావాలి. తర్వాత ఖాళీ రైఫిల్‌ని కాక్ చేసి (కాల్చడానికి సిద్ధంగా ఎక్కించి), బోల్ట్‌ని మామూలు కంటే గట్టిగా పదిసార్లు మూయండి, బట్‌ని రబ్బరు చాప మీద కొన్నిసార్లు తట్టండి. ఒక్కసారి వేలు లేకుండా తెగినా ఆ షూ ఆ ట్రిగ్గర్‌కి పనికిరాదు, లేదా బరువు పెంచాలి. ఇక్కడ బేరసారాలు లేవు. సియర్ (ట్రిగ్గర్ లోపల నొక్కేదాకా ఆపి పట్టే ముక్క) పట్టుని స్క్రూలతో సర్దుదామని మాత్రం చూడకండి, అది తుపాకీ మెకానిక్ పని.

బరువు పరిమితి ఉన్న విభాగమైతే ఇప్పుడు కొలవండి, మూతి పైకి పెట్టి, కొక్కెం షూ కొసన పెట్టి, మూడు సార్లు. మూడూ దాటాలి.

మొదటి రెండు మూడు సెషన్లు కొత్త బ్లేడ్‌తో స్కోరు చూడకండి, గ్రూప్ కూడా చూడకండి. డ్రై ఫైర్‌లో సైట్ కదలికో, స్కాట్ లాంటి ఎలక్ట్రానిక్ ట్రైనర్ (గురి కదలికని తెర మీద గీతగా చూపేది) ఉంటే తెగే ముందు చివరి క్షణం గీతో చూడండి. గీత ప్రతిసారీ ఒకే వైపుకి లాగుతుంటే కోణమో దూరమో ఇంకా సరిపోలేదు. అన్ని వైపులా చిందరవందరగా ఉంటే అది షూ సమస్య కాదు, పొజిషన్‌ది.

పాత బ్లేడ్‌ని మాత్రం పారేయకండి. దాని స్క్రూతో సహా చిన్న కవర్‌లో పెట్టి, ఆ పాత కొలతలు కాగితం మీద రాసి, సరిపోయే అలెన్ కీ కూడా అందులోనే వేసి రైఫిల్ పెట్టెలో ఉంచండి. మ్యాచ్ ఉదయం కొత్తదాని మర పోయిందంటే పది నిమిషాల్లో వెనక్కి వెళ్లగలగాలి.